మూడు పళ్ళ గుర్తు

నీల్ గారక్‌ను వెతకడానికి ఆరు బృందాలు వెళ్ళాయి. నాలుగు గుర్రాల మీద, ఒకటి ఒంటెల మీద, ఒకటి కాలినడకన. అందరూ బయల్దేరే ముందు మా కురాబిలో ఆగారు, ఎందుకంటే కురాబి దాటితే రొట్టె దొరికే ఊరు లేదు. గారక్ భార్య ఎల్స్‌పెత్ కాల్చిన రొట్టెలు మూటగట్టుకునే వాళ్ళు గారక్‌ను వెతకడానికి పోయారు. తిరిగొచ్చాక సిడ్నీ పత్రికల్లో వాళ్ళ బొమ్మలు వేశారు. ఇద్దరికి పతకాలు కూడా ఇచ్చారు. దేనికిచ్చారో నాకిప్పటికీ అర్థం కాదు, వెళ్ళిన పని కాలేదు కదా.

నేను కట్టెలు చీల్చేవాణ్ణి. పేరు టోబియాస్ పెన్రూ, టోబీ అంటారు. కార్న్‌వాల్ నుంచి గనుల పనికని ఓడెక్కి, ఇక్కడికొచ్చాక భూమి లోపలికి దిగడం కన్నా పైన చెట్లు కొట్టుకోవడం నయమనిపించి గొడ్డలి పట్టాను. గారక్‌ను వెతకడానికి నేనెప్పుడూ వెళ్ళలేదు. ఆయన జాడ దొరికింది మాత్రం నాకే. దొరికిన రోజున, దొరక్కపోతే ఎంత బాగుండేదో అనుకున్నాను. ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది, కానీ అది రాయకపోతే మిగిలినదంతా అబద్ధమవుతుంది.

గారక్ మా ఊరికి వచ్చింది 1859లో. ఈ ఖండాన్ని తూర్పు నుంచి పడమటి సముద్రం దాకా అడ్డంగా దాటాలని ఆయన పట్టుదల. అప్పటికి మావాళ్ళెవరూ దాటలేదు. ఆయన స్కాట్లండ్ మనిషి, ఎర్రగడ్డం, ఎడమ కాలు కొంచెం ఈడుస్తూ నడిచేవాడు. వెంట ముగ్గురు మనుషులు, పదకొండు గుర్రాలు. భార్యను కూడా తెచ్చుకున్నాడు. ప్రయాణానికి కావలసిన గట్టి రొట్టెలు కాల్చడానికి ఆమె వాగు ఒడ్డున పొయ్యి కట్టించింది. ఆ పొయ్యికి కట్టెలు వేసేవాణ్ణి నేనే.

వాళ్ళు బయల్దేరడానికి ముందురోజు మధ్యాహ్నం నేను పెరట్లో కట్టెలు దించుతున్నాను. గారక్ అక్కడి యూకలిప్టస్ చెట్టు మీద ఉలి పట్టుకుని చెయ్యి సాధన చేసుకుంటున్నాడు. దారి కనుక్కోవడానికి వెళ్ళేవాళ్ళకి అదొక ఆనవాయితీ. మజిలీ చేసిన ప్రతిచోటా చెట్టు బెరడు కిటికీ అంత మేర లేపేసి, లోపలి తెల్లచెక్క మీద తమ ఇంటిపేరులో మొదటి ఇంగ్లీషు అక్షరం చెక్కి, కింద మజిలీ అంకె వేస్తారు. గారక్ అక్షరం చూడ్డానికి పక్కకి పడేసిన గుర్రపు నాడాలా ఉంటుంది. నాకప్పటికి చదువు రాదు, నాకన్నీ అలాగే కనిపించేవి.

ఎల్స్‌పెత్ చేతులకి పిండితోనే బయటికొచ్చింది.

"చెట్టుకీ చెట్టుకీ నీ పేరు చెక్కుకుంటూ పో. ఎవరు చదువుతారు, కంగారూలా?"

"వెనకాల వచ్చేవాళ్ళకి దారి తెలియాలి కదా, ఎల్సీ."

"నీ వెనకాల ఎవడొస్తాడు? నేను తప్ప నీ వెనకాల వచ్చిన పిచ్చిది ఇంకోటి లేదు. నన్నేమో ఇక్కడ దించావు."

గారక్ నవ్వాడు. "సరే, ఒప్పందం. వెళ్ళేటప్పుడు నా అక్షరం. తిరిగొచ్చేటప్పుడు ప్రతి చెట్టు మీదా నీదే. నాది ఒక్కటి కూడా ఉండదు. చాలా?"

"తిరిగితే కదా! నువ్వు వెనక్కి తిరిగే రకమా, నీల్? తల తిప్పి చూడ్డం కూడా చాతకాదు నీకు."

అని లోపలికి పోయి తలుపు వేసుకుంది. గారక్ ఉలి దించి, చేతినిండా కట్టెలతో దొంగలా నిలబడ్డ నన్ను చూసి కన్ను గీటాడు.

"విన్నావుగా పెన్రూ? నువ్వే సాక్షి."

మర్నాడు ఊరంతా ఆయన్ని సాగనంపడానికి వాగు దాకా వెళ్ళింది. ఎల్స్‌పెత్ తలుపు తెరవలేదు. గారక్ రెండుసార్లు గుర్రం ఆపి ఆ తలుపు వైపు చూశాడు. ఆ సంగతి నేను ఆమెకి చెప్పి ఉండాల్సింది. మొగుడూపెళ్ళాల మధ్య మనమెందుకని ఊరుకున్నాను.

ఏడాదిన్నర దాటినా కబురు రాలేదు. మొదటి వెతుకులాట బృందం వచ్చింది. దాని నాయకుడు ఊరి సభలో నిలబడి, ఏ గుర్తు కోసం చూడాలని అడిగాడు. అందరూ ఒక్క గొంతుతో గారక్ అక్షరం చెప్పారు. ఎల్స్‌పెత్ ముందు వరసలో కూర్చుని ఉంది. నోరు మెదపలేదు. నేను వెనక తలుపు దగ్గర ఉన్నాను. నేనూ మెదపలేదు. ఒకపూట చెవిన పడిన ఎకసెక్కపు మాట పెద్దమనుషుల సభలో ఎత్తడమేమిటని అనుకున్నాను, అంతే. 'నువ్వే సాక్షి' అన్న మాట ఆ క్షణాన గుర్తుకే రాలేదు. ఆ తర్వాత గుర్తు రాని రోజు లేదు.

ఆరు బృందాలూ ఆ నాడా గుర్తు కోసమే చూశాయి. ఇరవైమూడో మజిలీ దాకా దొరికింది. ఆపైన చెట్లు లేవు, ఇసుకే. గారక్ కీర్తి కోసం ప్రాణానికి తెగించి ముందుకే పోయాడని పత్రికలు రాశాయి. రాసినదాన్ని ఎవరో దుకాణంలో చదివి వినిపిస్తే ఎల్స్‌పెత్ పిండి మీద ఒక్క గుద్దు గుద్దింది. "చూశారా? ముందుకే పోయాడు. నేను చెప్పలా?" అంది. ఆ గొంతులో కోపం తప్ప ఏడుపు లేదు. ఆ కోపంతోనే ఆమె తొమ్మిదేళ్ళు తెల్లారగట్ట లేచింది, పిండి కలిపింది, ఊరందరికీ రొట్టె పెట్టింది. ఎవరైనా జాలిగా చూస్తే చిల్లర వాళ్ళ చేతిలో పెట్టి "తరవాత ఎవరు?" అనేది.

రొట్టెల మీద ఆమె తన పేరులో మొదటి అక్షరం కత్తితో గాటు పెట్టేది. బండ్లవాళ్ళు రెండు మూడు ఊళ్ళ రొట్టెలు కలిపేసి గొర్రెల శిబిరాలకి చేరవేస్తారు, ఎవరిది ఎవరిదో తెలియాలి కదా. నిలువు కర్రకి మూడు పళ్ళున్న దువ్వెనలా ఉండేది ఆ గుర్తు. లోకంలో నాకు తెలిసిన అక్షరం అదొక్కటే. రోజూ దాన్నే తింటున్నాను మరి.

ఎప్పుడు ఇష్టపడ్డానో చెప్పలేను. ఒకరోజు చలిలో కట్టెలు దించి వెళ్ళబోతుంటే, పొయ్యి దగ్గరున్న పీటని కాలితో నా వైపు నెట్టి, "కూర్చో, టీ చల్లారిపోతోంది" అంది. రెండో కప్పు ముందే పోసి ఉంచింది. ఆ రోజు నుంచి రోజూ రెండో కప్పు ఉండేది. అలా నాలుగేళ్ళు. తొమ్మిదో ఏట నేను పడమటి శిబిరాలకి కంచె గుంజలు కొట్టే పనికి ఒప్పుకున్నాను. ఎనిమిది నెలల పని. చెబుదామని వెళ్ళాను.

"ఎనిమిది నెలలా?" అంది. "నా పొయ్యికి కట్టెలెవరు వేస్తారు?"

"డన్‌కన్ వేస్తాడు. చెప్పి పెట్టాను."

"వాడి కట్టెలు పొగ. ఏం, అంత దూరం పోవాల్సిన అవసరమేమొచ్చింది?"

"ఇక్కడుంటే ఏదో ఒకరోజు అనకూడనిది అనేస్తానని భయంగా ఉందండీ."

ఆమె చేతులు తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంది.

"మొగుడి జాడ లేక ఏడేళ్ళు దాటితే మళ్ళీ పెళ్ళికి చట్టం ఒప్పుకుంటుందట, చర్చి ఫాదర్ చెప్పాడు" అంది. "నాకేమో చట్టం కాదు అడ్డం. నాకోసం ఒక్కసారి తల తిప్పనివాడి కోసం ఎన్నాళ్ళు వాకిలి చూడను, టోబీ? నువ్వు తిరిగొచ్చాక ఫాదర్ దగ్గరికి పోదాం. తిరిగొస్తావుగా?"

"వస్తానండీ."

"నువ్వు కూడా ముందుకే పోయే రకమైతే ఇప్పుడే చెప్పు."

"నేను చెట్లు కొట్టేవాణ్ణి. కొట్టిన చోటే ఉంటాను" అన్నాను. ఆమె నవ్వింది. ఆ నవ్వు జేబులో వేసుకుని మూడొందల మైళ్ళు నడిచాను.

రంపానికి రెండో కొస పట్టడానికి నాతో జోబ్ ట్రెంబత్ వచ్చాడు. మా ఊరివాడే, నోరు తప్ప అన్నీ మంచివే. ఆరో నెలలో మేం ఒక పెద్ద నీటిగుంట పక్కన బస చేశాం. ఆ గుంట ఎవరిదో వాళ్ళు అక్కడే ఉన్నారు. మా పటాల్లో ఆ చోట ఏమీ రాసి ఉండదు, అక్కడ పుట్టినవాళ్ళకి మాత్రం ప్రతి ఇసుక దిబ్బకీ పేరుంది. వాళ్ళలో ఒక పెద్దావిడ గొర్రెల శిబిరంలో పనిచేసి మా భాష నేర్చుకుంది. పేరు చెప్పింది కానీ నేను రాయను. ఆవిడ ఇప్పుడు లేదు, పోయినవాళ్ళ పేరెత్తడం వాళ్ళలో లేదు.

గుంట ఒడ్డున పెద్ద చెట్టొకటి నిటారుగా ఉంది. రంపం పెట్టబోతుంటే ఆవిడ వచ్చి నిలబడింది.

"దీన్ని కూడా కొట్టేస్తారా?"

"గుంజలు కావాలమ్మా" అన్నాను.

"ఎప్పుడూ ఏదో ఒకటి కావాలి మీకు. అందులో మీవాడి గీతలున్నాయి. చూసుకుని కొట్టుకోండి."

మానుకి ఒక పక్క పాత గాయం మచ్చ ఉంది. బెరడు రెండు వైపుల నుంచీ పెరిగి కలిసిపోయి, నిలువునా ఒక కుట్టులాంటి గీత మాత్రం మిగిలింది. అలాంటివి వేలల్లో చూశాను. పిడుగు పడినా, కొమ్మ విరిగినా అలాగే మానుతుంది. జోబ్ నవ్వాడు. చెట్టు కూల్చేశాం.

మర్నాడు దాన్ని చీల్చడానికి ఇనప చీలలు దిగ్గొట్టాను. మూడో దెబ్బకి ఆ మచ్చ ఉన్న చోట ఒక పలక, ఎవరో లోపలి నుంచి తోసినట్టు, దానంతటదే ఊడి వచ్చింది. లోపల మానుచెక్క నున్నగా, బూడిదరంగులో ఉంది. దాని మీద ఉలితో లోతుగా చెక్కిన మూడు పళ్ళ దువ్వెన.

సమ్మెట కింద పెట్టేశాను. ఊడిన పలకని తిప్పి చూశాను. చెక్కిన గాట్లలోకి కొత్త చెక్క పెరిగి, ఆ గుర్తే పలక మీద ఉబ్బెత్తుగా లేచి ఉంది, కాకపోతే పళ్ళు అటు వైపు తిరిగి ఉన్నాయి. పలక చేత్తో పట్టుకుని ఆ దుంగ మీదే కూర్చున్నాను.

జోబ్‌కి అంతా చెప్పాను. ఉలి, ఒప్పందం, సాక్షి, అన్నీ.

"ఓయ్, అది ఎవడి పేరైనా కావచ్చు" అన్నాడు. "ఎడ్వర్డ్ కావచ్చు, ఎనాక్ కావచ్చు. గొర్రెలవాళ్ళలో ఎంతమంది లేరు?"

నేను లేచి పెద్దావిడ దగ్గరికి వెళ్ళాను. ఆమె నిప్పుల్లో చేప తిప్పుతోంది.

"అమ్మా, ఆ గీతలు గీసినవాడు ఎలా ఉంటాడు?"

"ఎర్ర గడ్డం. చిక్కిపోయాడు. ఒక కాలు ఈడుస్తాడు."

"ఎటు నుంచి వచ్చాడు?"

ఆమె పడమటి వైపు గడ్డం ఎత్తి చూపించింది. "ఒక్కడే. ఒక గుర్రం. దానికి కూడా ఎముకలే. మేం చేపలు పెట్టాం. తిన్నాడు, పడుకున్నాడు, లేచి ఆ చెట్టు పట్టుకున్నాడు. పొద్దంతా అదే పని. చేతిలో బలం లేదు, ఆగడం, మళ్ళీ గీయడం. మా పిల్లలు నవ్వారు. గీశాక చేత్తో తడిమాడు, ఇలాగ." బిడ్డ వీపు నిమిరినట్టు గాలిలో చెయ్యి ఆడించింది. "తరవాత మీ వైపుకి పోయాడు, పొద్దు పొడిచే వైపుకి. వద్దన్నాం. చీమలు గుడ్లు మోసుకుని పైకి పోతున్నాయి, నీళ్ళొస్తాయని చెప్పాం. ఆగలేదు. ఇంటికి పోవాలట. మూడోనాటికి పెద్దనీరు వచ్చింది, ఇక్కణ్ణుంచి అక్కడిదాకా అంతా నీళ్ళే. మళ్ళీ కనబడలేదు."

"ఆరు బృందాలు వచ్చాయి కదమ్మా ఈ దారిన! గుర్రాలు, ఒంటెలు... ఒక్కళ్ళకీ చెప్పలేదా?"

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "ఎవరడిగారు?"

పతకాలు తీసుకున్నవాళ్ళలో ఒక్కడూ అడగలేదు.

మధ్యాహ్నం టీ కాచుకునే మంట దగ్గర పలక ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. జోబ్ ఎదురుగా కూర్చుని ఉప్పు మాంసం కోస్తున్నాడు.

"టోబీ, నే చెప్పేది విను. రెండు నెలల్లో నీ పెళ్ళి. ఆవిడ ఆయన మీద కోపంగా ఉంది కాబట్టి నీకు సరే అంది. అవునా?"

"అవును."

"ఇది తీసుకెళ్ళి చూపించావనుకో. ఆ కోపం పోతుంది. కోపం పోతే మొగుడే మిగులుతాడు. ఇక నీకు పీట కూడా మిగలదు. పోయినవాడు ఎలాగూ పోయాడు. మంటలో పడెయ్యి. నేను నోరెత్తను. నా నోటి సంగతి నీకు తెలుసు, అయినా దీని గురించి ఎత్తను."

వాడు చెప్పినదాంట్లో ఒక్క ముక్క కూడా తప్పు లేదు. అదే నన్ను చంపింది. నాకు నలభైఆరేళ్ళు. అంతవరకు నాకోసం రెండో కప్పు పోసి ఉంచిన మనిషి ఇంకొకరు లేరు. పలక తీసి మంటలో పెట్టాను.

ఎండిన పాత చెక్క, అంచు వెంటనే అంటుకుంది. అది కాలుతుంటే నాకు గారక్ చెయ్యి కనిపించింది. ఆగడం, మళ్ళీ గీయడం. ఒంట్లో ఉన్న కాస్త బలం నడకకి దాచుకోకుండా ఆమె అక్షరానికి ఖర్చు పెట్టాడు. మాట ఇచ్చాడు కాబట్టి. ఆ మాటకి నన్ను సాక్షిగా పెట్టాడు కూడా. నేనొకసారి సభలో ఊరుకున్నాను, ఆ ఊరుకోవడం వల్లే ఏమైందో ఎవరికి తెలుసు. ఇది రెండోసారి. పలకని చేత్తోనే బయటికి లాగి ఇసుకలో పొర్లించాను. అరచెయ్యి బొబ్బలెక్కింది. జోబ్ నీళ్ళు తెచ్చి పోశాడు.

"పిచ్చి సన్నాసివి" అన్నాడు. "గుంజలు నేను లెక్క పెట్టించుకుంటాను. నువ్వు పో."

పన్నెండు రోజుల్లో కురాబి చేరాను. పొద్దున్న పదిగంటల వేళ, ఆమె రెండో విడత రొట్టెలు పొయ్యిలో పెట్టి ఉంది. నన్ను చూసి మొహం వెలిగింది. నేను ఆ వెలుగుని బాగా చూసుకున్నాను, మళ్ళీ చూస్తానో లేదోనని.

"రెండు నెలలు ముందే వచ్చావేం? తరిమేశారా?"

కంబళి విప్పి పలకని పిండి బల్ల మీద పెట్టాను. నిలబడే చెప్పాను. చెట్టు, పెద్దావిడ, చేపలు, చిక్కిన గుర్రం, పెద్దనీరు. చెప్పడం అయ్యాక ఆమె వంగి వేలితో ఆ ఉబ్బెత్తు గుర్తు మీద రాసింది. నిలువు కర్ర, పై పన్ను, మధ్య పన్ను. అక్కడ వేలు ఆగిపోయింది.

"మధ్యది పొడుగు" అంది. "ఎప్పుడూ అంతే. నా పేరు రాసిన ప్రతి ఉత్తరంలో మధ్య గీత ఇలాగే సాగదీసేవాడు. ఇది నీలే."

తర్వాత వేలు కింది పన్ను మీదికి వచ్చింది. అది సగమే ఉంది.

"ఇక్కడ కాలింది."

"నేనే కాల్చాను" అన్నాను. "మంటలో పెట్టాను. మళ్ళీ తీశాను."

ఆమె నా చెయ్యి వైపు చూసింది, నా మొహం వైపు చూసింది. తిట్టినా బాగుండేది.

"ఎంత దూరం అది ఇక్కడికి?"

"పన్నెండు రోజుల నడక."

"ఆ సభలో నేను చెప్పి ఉంటే..." అంది. "నాకు తెలుసు టోబీ. నా అక్షరం కోసం కూడా చూడండి అని చెప్పాలనుకున్నాను. చెబితే వాళ్ళు వెతుకుతారు, వెతికితే దొరక్కపోతే? వెనక్కి తిరగలేదని ఊరందరికీ తెలిసిపోతుంది. నామోషీ అనుకున్నాను. నా నామోషీ కోసం..."

"నేనూ చెప్పలేదు కదండీ. నన్ను సాక్షి అన్నాడు." ఆ తర్వాత, తొమ్మిదేళ్ళు ఆలస్యంగా, చెప్పాల్సింది చెప్పాను. "ఆ రోజు పొద్దున్న వాగు దగ్గర గుర్రం ఆపి మీ తలుపు వైపు చూశాడు. రెండుసార్లు."

అప్పుడు ఏడ్చింది. తొమ్మిదేళ్ళ ఏడుపు ఒక్కసారి వచ్చింది. బల్ల మీద పిండిలో మొహం పెట్టుకుని ఏడ్చింది. నేను ముట్టుకోలేదు, ఓదార్చలేదు. నాకు ఆ హక్కు లేదనిపించింది. పొయ్యిలో రొట్టెలు మాడి పొగ వచ్చింది. కురాబిలో ఎల్స్‌పెత్ రొట్టెలు మాడటం అదే మొదటిసారి, ఊళ్ళో జనం గుమ్మం దాకా వచ్చి వెళ్ళిపోయారు.

మూడు రోజులు ఆమె తలుపు తెరవలేదు. పొగగొట్టంలో పొగ లేదు. నేను నా గుడిసెలో మూట సర్దుకున్నాను. నాలుగో రోజు పొద్దున్నే జోబ్ దగ్గరికి తిరిగి పోవాలని, వెళ్ళేముందు ఆమె పెరట్లో చివరిసారి కట్టెలు దించి పోదామని బండెడు ఎర్ర యూకలిప్టస్ కట్టెలు తీసుకెళ్ళాను. దగ్గరికి వచ్చేసరికి పొగగొట్టంలో పొగ కనిపించింది. పేర్చడం సగమయ్యేసరికి వెనక తలుపు తెరుచుకుంది.

కళ్ళు వాచి ఉన్నాయి. జుట్టు మాత్రం శుభ్రంగా దువ్వుకుంది. చేతిలో వేడి రొట్టె ఒకటి గుడ్డలో పట్టుకుని ఉంది.

"మూట ఎక్కడికి?" అంది నా భుజం వైపు చూసి.

"గుంజల దగ్గరికి."

"ముందిది చూడు."

రొట్టె మీద కత్తి గాట్లు లేవు. పలకని పిండి మీద అద్దింది. పలక మీద అటు తిరిగి ఉన్న గుర్తు రొట్టె మీద ఇటు తిరిగి సరిగ్గా పడింది. నిలువు కర్ర, పై పన్ను, పొడుగ్గా మధ్య పన్ను. కింద సగం పన్ను.

"కాలిన చోటు చెక్కేసి సరి చేసిస్తాను, ఇలా ఇవ్వండి" అన్నాను.

"ఏం అక్కర్లేదు. ఆ సగం నీది" అంది. "కాల్చినవాడివీ నువ్వే, తీసుకొచ్చినవాడివీ నువ్వే."

నేను రొట్టె పట్టుకుని నిలబడ్డాను. చేతి బొబ్బల మీద అది మండుతోంది, అయినా కింద పెట్టబుద్ధి కాలేదు.

"నాలుగేళ్ళు నీకు టీ పోశాను కానీ, అది కోపంతో పోసిన టీ, టోబీ. కోపంతో నిన్ను కట్టుకుని ఉంటే, పడుకున్నా లేచినా నేను ఆయనతోనే పోట్లాడుతూ ఉండేదాన్ని. నీకేం మిగిలేది?" ఆమె తలుపు రెక్క వెనక్కి జరిపి పట్టుకుంది. తొమ్మిదేళ్ళ కింద వేసుకున్న తలుపు అదే. లోపల బల్ల మీద రెండు కప్పులున్నాయి, రెంటిలోంచీ ఆవిరి వస్తోంది.

"నీల్ ఇల్లు చేరాడు" అంది. "ఇక నువ్వు లోపలికి రా."

మూట గుమ్మం పక్కన దించి, బూట్లకంటిన మట్టి దులుపుకుని లోపలికి వెళ్ళాను.